గూగుల్‌లో వెనకబడ్డ పాత పేజీని ముందుకు తేవడం ఎలా? తెలుగు సైట్లకు సమగ్ర మార్గదర్శి

సైటుకు వచ్చేవాళ్లు తగ్గారంటే చాలామంది వెంటనే ఇంకో పది కొత్త పేజీలు రాయడం మొదలుపెడతారు. అంతకంటే తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే పని పాత పేజీల్లోనే ఉంటుంది. రెండు మూడేళ్ల క్రితం రాసిన పేజీని గూగుల్ ఇప్పటికే చదివింది, తన జాబితాలో (ఇండెక్స్‌లో) పెట్టుకుంది, ఏ మాటలకు చూపించాలో కొంత తేల్చుకుంది. బయటి సైట్ల నుంచి దానికి నాలుగు లింకులు వచ్చి ఉండొచ్చు. అన్నిటికీ మించి, జనం ఏ మాటలతో వెతికినప్పుడు ఆ పేజీ కనిపించిందో ఆ లెక్క మీ చేతిలో ఉంటుంది. కొత్త పేజీకి ఇవేవీ ఉండవు.

ఈ పద్ధతి మొత్తానికి ఆ లెక్కే ఆధారం. జనం ఏమడుగుతున్నారో అందులో రాసి ఉంటుంది. పేజీని ఆ ప్రశ్నకు సరిగ్గా సరిపోయేలా మార్చడమే మన పని. ఉదాహరణగా తెలుగు వంటల సైటులో ఒక ఆవకాయ పేజీని పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. వ్యవసాయం, పోటీ పరీక్షలు, పంచాంగం, ఆరోగ్యం, ఏ సైటుకైనా దారి ఇదే.

1. సెర్చ్ కన్సోల్‌లో లెక్క తీయండి

మీ సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపే సాధనం గూగుల్ సెర్చ్ కన్సోల్. ఇది ఉచితం. ఇంకా పెట్టుకోకపోతే ఇవాళే పెట్టుకోండి. సైటును చేర్చిన నాటి నుంచే లెక్క పోగవుతుంది, పాతది వెనక్కి వెళ్లి తెచ్చుకోలేం. చేర్చేటప్పుడు డొమైన్ ప్రాపర్టీ ఎంచుకుని, డొమైన్ కొన్న చోట డీఎన్‌ఎస్ (డొమైన్ పేరు ఎటు వెళ్లాలో చెప్పే) సెట్టింగుల్లో సెర్చ్ కన్సోల్ ఇచ్చే ఒక టెక్స్ట్ రికార్డు పెడితే సరిపోతుంది. ముందు మూడు డబ్ల్యూలు ఉన్నా లేకపోయినా, హెచ్‌టీటీపీఎస్ అయినా కాకపోయినా అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిస్తే మామూలుగా 3 నెలల లెక్క కనిపిస్తుంది. గరిష్ఠంగా 16 నెలలది చూడొచ్చు. క్లిక్కులు, ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించింది), సీటీఆర్ (కనిపించినవాటిలో ఎంత శాతం క్లిక్కులు), సగటు పొజిషన్ (ఫలితాల్లో ఎన్నో స్థానం) నాలుగింటినీ ఆన్ చేయండి. తర్వాత పేజెస్ ట్యాబ్‌లో మీ పేజీ మీద నొక్కి, క్వెరీస్, అంటే జనం వెతికిన మాటల ట్యాబ్‌కు రండి. ఆ పేజీ ఏయే మాటలకు కనిపించిందో వరుసగా వస్తుంది. దాన్ని గూగుల్ షీట్స్‌లోకి ఎగుమతి చేసుకోండి.

ఈ లెక్క చదవడంలో మూడు చోట్ల పొరపాటు పడతారు.

మొదటిది సగటు పొజిషన్. 'ఆవకాయ కొలతలు' అన్న మాటకు పేజీ 3వ స్థానంలో, 'మామిడికాయ పచ్చళ్లు' అన్న మాటకు 45వ స్థానంలో ఉందనుకోండి. రెండూ కలిపిన సగటు చూసి ఏ నిర్ణయమూ తీసుకోలేం. పైగా పేజీ బాగుపడే కొద్దీ కొత్త కొత్త మాటలకు 50, 60 స్థానాల్లో కనిపించడం మొదలవుతుంది. అప్పుడు సగటు పడిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి పేజీ పెరుగుతోంది. అందుకే పొజిషన్‌ను ఎప్పుడూ ఒక్కో క్వెరీకి విడిగా చూడండి.

రెండోది మొత్తాలు. క్వెరీల పట్టికలోని క్లిక్కులన్నీ కూడితే పైన చూపే మొత్తానికి సరిపోవు. మరీ తక్కువమంది వెతికిన మాటలను వ్యక్తుల గోప్యత కోసం గూగుల్ పట్టికలో చూపదు. లెక్క తప్పిందేమోనని కంగారుపడక్కర్లేదు.

మూడోది తెలుగు సైట్లకే ప్రత్యేకం. మనవాళ్లు తెలుగు లిపిలోనూ వెతుకుతారు, తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసీ వెతుకుతారు. రెండూ కలిసిపోయి ఉంటే ఏదీ సరిగ్గా కనపడదు. క్వెరీ ఫిల్టర్‌లో కస్టమ్ రీజెక్స్ (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) ఎంచుకుని [అ-హ] అని రాయండి. తెలుగు అక్షరం ఒక్కటైనా ఉన్న క్వెరీలే మిగులుతాయి. అదే ఫిల్టర్‌ను 'సరిపోలనివి' వైపు మారిస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినవి వస్తాయి. రెండు జాబితాలూ విడివిడిగా దాచుకోండి. అడిగే విషయం ఒకటే అయినా అడిగే తీరు వేరుగా ఉండటం చాలాసార్లు కనిపిస్తుంది.

2. ఏ పేజీతో మొదలుపెట్టాలి

అన్ని పేజీలనూ ఒకేసారి ముట్టుకోవద్దు. నెలకు నాలుగైదు పేజీలు చాలు. ముందుగా పట్టాల్సినవి ఇంప్రెషన్లు బాగా ఉండి, ముఖ్యమైన క్వెరీకి 5 నుంచి 15 మధ్య పొజిషన్‌లో ఉన్నవి. వీటిని గూగుల్ ఇప్పటికే పనికొచ్చే పేజీలుగా లెక్కేస్తోంది, కొద్దిపాటి లోటే అడ్డుపడుతోంది. 60వ స్థానంలో ఉన్న పేజీకి అంతే శ్రమ పెడితే అంత ఫలితం రాదు.

రెండో వరసలో, పొజిషన్ బాగున్నా క్లిక్కులు రానివి. 28 రోజుల్లో 4,200 ఇంప్రెషన్లు, 38 క్లిక్కులు అనుకుందాం. సీటీఆర్ 0.9 శాతం. 4వ స్థానంలో ఉన్న పేజీకి ఇది మరీ తక్కువ. ఇక్కడ తప్పు టైటిల్‌లోనో (గూగుల్ ఫలితాల్లో పేజీకి కనిపించే పేరు), జనం అడిగినదానికీ పేజీకీ పొంతన లేకపోవడంలోనో ఉంటుంది.

మూడో వరస, నిరుడు బాగుండి ఈ ఏడు పడిపోయినవి. ఇక్కడ సీజన్‌ను మరిచిపోకండి. ఆవకాయ పేజీకి సెప్టెంబరులో క్లిక్కులు తగ్గితే అది ర్యాంకు పడిపోవడం కాదు, మామిడికాయల కాలం అయిపోయింది, అంతే. పడిపోయిందా లేదా అని తేల్చే పోలిక నిరుటి ఇదే కాలంతో ఉండాలి. పండగల పేజీలకైతే తేదీలు సరిచూసి పోల్చాలి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. ఉగాది పచ్చడి పేజీకి మార్చి నెలను మార్చి నెలతో పోలిస్తే ఏ కారణమూ లేకుండా పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది. పండగకు ముందు 14 రోజులు, తర్వాత 2 రోజులు అని తీసుకుని పోల్చండి.

సీజన్ పేజీల మీద పని కూడా ముందే చేయాలి. ఆవకాయ పేజీని మే నెలలో సరిదిద్దితే గూగుల్ దాన్ని మళ్లీ చదివి బేరీజు వేసేసరికి జాడీలు నిండిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో ముగించండి.

3. ముట్టుకునే ముందు నకలు తీసి పెట్టండి

దీన్ని వదిలేసినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడతారు. పాత టైటిల్, పాత పాఠం మొత్తం, మార్చే తేదీ, ముఖ్యమైన 10 క్వెరీల క్లిక్కులు, ఇంప్రెషన్లు, పొజిషన్, ఇవన్నీ షీట్‌లో ఒక వరసలో రాసుకోండి. మార్పు బెడిసికొడితే వెనక్కి రావడానికి దారి ఉండాలి.

4. గూగుల్ పేజీని చదవగలుగుతోందా?

రాత బాగుచేసే ముందు ఇది తేల్చుకోవాలి. సెర్చ్ కన్సోల్ పైన ఉన్న యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ గడిలో పేజీ చిరునామా పెట్టండి. పేజీ ఇండెక్స్‌లో ఉందా, చివరిసారి ఎప్పుడు చదివింది, ఏ చిరునామాను అసలు పేజీగా ఎంచుకుంది అన్నవి కనిపిస్తాయి. తర్వాత టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్ నొక్కి, గూగుల్‌కు కనిపించే పేజీని తెరిచి చూడండి. మీ పాఠం అందులో లేకపోతే జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే కోడు) దాన్ని ఆలస్యంగా తెస్తూ ఉండొచ్చు.

తరచూ బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌లో సైటు కట్టేటప్పుడు సెట్టింగ్స్‌లోని రీడింగ్ విభాగంలో, సెర్చ్ ఇంజిన్లు రావద్దనే గడికి టిక్ పెట్టి, తర్వాత తీయడం మరిచిపోతారు. ఏది అసలు చిరునామానో గూగుల్‌కు చెప్పే కెనానికల్ ట్యాగ్ అన్ని పేజీల్లోనూ హోమ్ పేజీనే చూపిస్తూ ఉంటుంది. ఒక పేజీకి నోఇండెక్స్ (ఫలితాల్లో చూపవద్దనే ఆదేశం) పెట్టి, దాన్నే రోబోట్స్ ఫైలులో (సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావచ్చో చెప్పే ఫైలు) కూడా అడ్డుకుంటారు. అలా అడ్డుకుంటే గూగుల్ ఆ పేజీ లోపలికే రాదు, నోఇండెక్స్ అన్న మాట చదవదు, కాబట్టి ఆ చిరునామా ఫలితాల్లో మిగిలిపోవచ్చు. తీసేయాలంటే నోఇండెక్స్ ఒక్కటే పెట్టి దారి తెరిచి ఉంచాలి.

పాత తెలుగు సైట్లలో ఇంకో పెద్ద జబ్బు, యూనికోడ్ వాడకం రాకముందటి అను ఫాంట్ల నాటి పాఠం. కంటికి తెలుగులా కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గలాటా ఉంటుంది. గూగుల్‌కు అందులో ఒక్క తెలుగు మాట కూడా కనపడదు. పరీక్ష తేలిక. పేజీలో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే సాధనాలు వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి కాబట్టి మార్చాక మనిషి ఒకసారి చదివి దిద్దాల్సిందే. పేపరు కటింగును ఫొటో తీసి పేజీలో పెట్టినా దాదాపు అంతే. బొమ్మలోని అక్షరాల మీద ఆధారపడకండి, టైపు చేసి పెట్టండి.

పేజ్ ఇండెక్సింగ్ రిపోర్టులో 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అని ఉంటే గూగుల్ చదివింది కానీ ఉంచుకోలేదని. చాలావరకు అది పాఠంలో సరుకు లేకపోవడమో, ఇంకో పేజీకి నకలులా ఉండటమో. 'డిస్కవర్డ్' అని ఉంటే చిరునామా తెలిసింది, ఇంకా చదవలేదు. అలాంటి పేజీకి సైటు లోపలి నుంచి లింకులు తక్కువేమో చూడండి.

5. జనం ఏమడుగుతున్నారో వినండి

ముఖ్యమైన క్వెరీని ఇన్‌కాగ్నిటో విండోలో, ఫోన్‌లో వెతకండి. మొదటి 10 ఫలితాల్లో ఏ రకం పేజీలు ఉన్నాయో గమనించండి. ఒక్క వంటకం పేజీలా, 20 పచ్చళ్ల జాబితాలా, వీడియోలా, అమ్మకం పేజీలా? 'ఆవకాయ ఆన్‌లైన్' అన్న మాటకు అమ్మే సైట్లే వస్తుంటే తయారీ విధానం పేజీని ఎంత దిద్దినా అక్కడ నిలబడదు. ఆ మాటను వదిలేయండి.

ఇప్పుడు మీ క్వెరీల జాబితా ముందు పెట్టుకుని, ఒక్కో ప్రశ్నకు పేజీలో జవాబు ఎన్నో లైనులో ఉందో వెతకండి. ఆవకాయ పేజీ అనుకుంటే, జాబితాలో ఇలాంటివి ఉంటాయి: ఆవకాయ కొలతలు, 5 కాయలకు ఎంత కారం, ఆవకాయ బూజు పడితే, ముక్క మెత్తబడకుండా, ఏ నూనె మంచిది. పేజీ చూస్తే ఆవకాయ గొప్పతనం మీద ఆరు పేరాలు, తర్వాత పదార్థాలు, అందులోనూ 'కారం తగినంత, ఉప్పు సరిపడా'. కొలతల కోసం వచ్చినవాడికి కొలతే లేదు. వెనకబడటానికి అసలు కారణం నూటికి తొంభై చోట్ల ఇదే అని మా నమ్మకం. ట్యాగులు, ప్లగిన్లు సరిచేసే ముందు దీన్ని సరిచేయాలి.

6. పేజీని తిరగరాయడం

టైటిల్‌తో మొదలుపెట్టండి. పాతది 'హోమ్ | వంటలు | ఊరగాయలు | ఆవకాయ' అని ఉందనుకోండి. దాన్ని 'ఆవకాయ కొలతలు: 5 మామిడికాయలకు కారం, ఆవపిండి, ఉప్పు, నూనె ఎంత?' అని మార్చండి. టైటిల్‌కు అక్షరాల లెక్క కట్టుబాటు ఏదీ లేదు, తెర వెడల్పును బట్టి చివర కత్తిరిస్తుంది. తెలుగు అక్షరాలు ఎక్కువ చోటు తింటాయి కాబట్టి అసలు మాట ముందే రావాలి, సైటు పేరు చివరికి. టైటిల్ ఒకటి, పేజీలోని పెద్ద శీర్షిక ఇంకొకటి చెబుతుంటే గూగుల్ మీ టైటిల్‌ను పక్కనపెట్టి తనే ఒకటి చూపించవచ్చు. రెండూ ఒకే విషయం చెప్పేలా చూడండి.

మెటా డిస్క్రిప్షన్ (ఫలితంలో టైటిల్ కింద కనిపించగల చిన్న వివరణ) ర్యాంకును మార్చదు, క్లిక్కును మార్చగలదు. రెండు వాక్యాల్లో పేజీలో ఏముందో చెప్పండి. పేజీ కోడులో కీలక పదాలు రాసే మెటా కీవర్డ్స్ జోలికి వెళ్లకండి. దాన్ని పట్టించుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఇప్పటికీ అందులో యాభై మాటలు నింపే సైట్లున్నాయి, ఆ సమయం వృథా.

ఇక మొదటి పేరా. వచ్చినవాడికి కావలసింది తెర కిందికి జరపకుండానే కనపడాలి. ఇలా:

'ఏ గ్లాసుతో ముక్కలు కొలుస్తారో మిగతావన్నీ అదే గ్లాసుతో కొలవండి. 4 గ్లాసుల ముక్కలకు 1 గ్లాసు కారం, 1 గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు. నూనె ముక్క మీద తేలేదాకా. మూడో రోజు కలిపి ఉప్పు చూసుకుని, నూనె తగ్గితే పోయాలి.'

మీ ఇంటి కొలత వేరే అయితే అదే రాయండి, కానీ అంకెతో రాయండి. దాని కింద చిన్న పట్టిక పెట్టి 5 కాయలకు, 10 కాయలకు, 25 కాయలకు ఎంతెంతో ఇస్తే ఇంకా మంచిది. కాయ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి ముక్కలు మారతాయని కూడా చెప్పండి. పట్టికను బొమ్మగా పెట్టకండి, నిజమైన పట్టికగా పెట్టండి.

తర్వాత చేసే విధానం. ఆ తర్వాత, చాలా పేజీల్లో లేని భాగం: ఎక్కడ చెడిపోతుంది, ఎందుకు. ముక్కను తుడిచి తడి లేకుండా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. నూనె పైన తేలకపోతే గాలి తగిలిన చోట మొదలవుతుంది. టెంక పెంకు లేకుండా కోస్తే, పండుబారిన కాయ వాడితే ముక్క మెత్తబడుతుంది. ఉప్పు తగ్గితే నిలవ ఉండదు. ఒక్కో సమస్యకూ ఒక ఉపశీర్షిక పెట్టండి, శీర్షిక మాటలు జనం అడిగిన మాటలకు దగ్గరగా ఉండాలి. 'ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది?' అన్న శీర్షిక, 'కొన్ని జాగ్రత్తలు' అన్న శీర్షిక కంటే వెతికేవాళ్లకూ గూగుల్‌కూ ఎక్కువ చెబుతుంది.

మాటల ఎంపిక దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే తెలుగులో ఒకే వస్తువుకు ప్రాంతాన్ని బట్టి పేరు మారుతుంది. గోంగూరను తెలంగాణలో చాలాచోట్ల పుంటికూర అంటారు. సొరకాయ, ఆనపకాయ ఒకటే. వేరుశెనగ గుళ్లు, పల్లీలు ఒకటే. కోస్తాలో పచ్చడి అనేదాన్ని తెలంగాణలో తొక్కు అంటారు. నువ్వుల నూనెను పప్పు నూనె అనేవాళ్లున్నారు. రెండో పేరును పాఠంలో సహజంగా ఒకట్రెండు చోట్ల తీసుకురండి: 'గోంగూర, అంటే పుంటికూర, లేత ఆకులు ఏరుకోవాలి' అన్నట్టు. చదివేవాళ్లకు ఇది నిజంగా సాయం. ఏ పేరు ముందు పెట్టాలో మీ క్వెరీల లెక్క చెబుతుంది.

అలాగని విభక్తులన్నీ వరస పెట్టి, 'ఆవకాయ, ఆవకాయను, ఆవకాయకు, ఆవకాయతో' అంటూ మాట కుక్కకండి. అది స్పామ్ కిందికి వస్తుంది, మనిషికి కూడా చిరాకు. టమాటా, టొమాటో, టమోటా లాంటి చోట ఒక రూపం ఎంచుకుని సైటంతా అదే వాడండి, రెండోది ఒకసారి వస్తే చాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవాళ్లు ఎక్కువగా ఉంటే, వంటకం పేరును ఆ అక్షరాల్లో శీర్షిక కింద ఒక్కసారి రాయండి. అదే వంటకానికి ఇంగ్లిష్ పేజీ కూడా ఉంటే రెండిటినీ హెచ్‌రెఫ్‌లాంగ్‌తో (ఒకే పేజీకి వేరే భాషల రూపాలు చూపే ట్యాగ్) కలపండి. తెలుగు పేజీ ఇంగ్లిష్‌ను చూపాలి, ఇంగ్లిష్ పేజీ తెలుగును చూపాలి. ఒకవైపే ఉంటే గూగుల్ లెక్కలోకి తీసుకోదు.

పేజీ చిరునామాను మాత్రం మార్చకండి. తెలుగు అక్షరాలతో ఉన్న చిరునామాను కాపీ చేస్తే ఒక్కో యూనికోడ్ అక్షరం మూడు బైట్లుగా విడిపోయి 9 గుర్తులవుతుంది. 'ఆవకాయ' అన్న చిన్న మాటే 45 గుర్తులు. చూడ్డానికి బాగుండదు, నిజమే. కొత్త పేజీలకు ఇంగ్లిష్ అక్షరాల చిరునామా పెట్టుకోండి. నడుస్తున్న పాత పేజీ చిరునామాను అందం కోసం మార్చితే లాభం ఏమీ లేదు, రీడైరెక్ట్ (పాత చిరునామాను కొత్తదానికి మళ్లించడం) మరిచిపోతే ఉన్నది కూడా పోతుంది.

పదాల సంఖ్య పెంచడం కోసం రాయకండి. 600 పదాల్లో జవాబు పూర్తయితే 600 చాలు. ఏమీ మార్చకుండా తేదీ ఒక్కటే మార్చడం కూడా పనికిరాదు. నిజంగా దిద్దినప్పుడే 'సవరించిన తేదీ' మార్చండి. ఇంగ్లిష్ పేజీలను యంత్రంతో తెలుగులోకి తిప్పి వందల్లో పెట్టిన సైట్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాఠం ఎవరు రాశారన్నదాని కంటే పనికొస్తుందా లేదా అన్నదే చూస్తామని గూగుల్ 2023లో చెప్పింది. ర్యాంకుల కోసమే కుప్పలుగా పేజీలు పుట్టించడాన్ని 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో చేర్చింది. తెలుగు చదివినవాళ్లకు అర్థంకాని అనువాదాలు ఉంటే ఒక్కొక్కటీ మనిషి చేత దిద్దించండి, లేదా తీసేయండి.

7. మీ పేజీలే ఒకదానితో ఒకటి పోటీపడుతుంటే

సెర్చ్ కన్సోల్‌లో ఒక క్వెరీ మీద నొక్కి పేజెస్ ట్యాబ్‌కు వెళ్లండి. రెండు మూడు చిరునామాలు ఒకే మాటకు వంతులవారీగా కనిపిస్తుంటే అవి ఒకదాన్నొకటి వెనక్కి లాగుతున్నాయేమో చూడాలి. 2019లో రాసిన 'ఆవకాయ తయారీ', 2022లో మరిచిపోయి మళ్లీ రాసిన 'ఆవకాయ పచ్చడి', ఇంకా వర్డ్‌ప్రెస్ ట్యాగ్ పేజీ, ఇలా ఉంటాయి.

క్లిక్కులు, బయటి లింకులు ఎక్కువ ఉన్నదాన్ని ఉంచండి. రెండోదానిలోని పనికొచ్చే భాగాలు ఇందులోకి తెచ్చి, దాని చిరునామాను 301 (శాశ్వత) రీడైరెక్ట్‌తో ఇటు మళ్లించండి. సైటు లోపల పాత చిరునామాకు ఉన్న లింకులన్నీ కొత్తదానికి మార్చండి. రీడైరెక్ట్‌ను కనీసం ఏడాది ఉంచాలి, తీయకుండా ఉంటే ఇంకా మంచిది. సంబంధం లేని పేజీలన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించే అలవాటు మానండి. గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టుగా లెక్కేసి వదిలేస్తుంది.

ఆవకాయ, బెల్లం ఆవకాయ, మాగాయ మాత్రం వేరు వేరు వంటకాలు, వేరు ప్రశ్నలు. వాటిని కలపకూడదు.

8. లోపలి లింకులు

ఒక పూటలో అయిపోయే పని, ఫలితం బాగుంటుంది. గూగుల్‌లో site: అని రాసి, ఖాళీ లేకుండా మీ డొమైన్ పేరు, పక్కన 'మామిడికాయ' అని పెట్టి వెతికితే ఆ మాట వచ్చే మీ పేజీలు చాలావరకు వస్తాయి. వాటిలో సందర్భం కుదిరిన నాలుగైదు చోట్ల నుంచి ఆవకాయ పేజీకి లింకు ఇవ్వండి. లింకు మాట 'ఇక్కడ క్లిక్ చేయండి' అని ఉంటే అవతల ఏముందో గూగుల్‌కు తెలియదు. 'ఆవకాయ కొలతలు' అని ఉండాలి. హోమ్ పేజీ నుంచి మూడు నొక్కుల్లో చేరలేని పేజీ ఏదైనా ఉంటే దాన్ని పైకి తీసుకురండి.

బయటి లింకులు కొనకండి. అది నిబంధనలకు విరుద్ధం, డబ్బూ దండగ.

9. వేగం

వేగం ఒక్కటే పేజీని పైకి లేపదు. కానీ పల్లెల్లో సిగ్నల్ సరిగ్గా లేని చోట, తక్కువ ధర ఫోన్లో తెరుచుకోని పేజీని ఎవరూ చదవరు. గూగుల్ చూసే కొలతలు మూడు. ముఖ్యమైన బొమ్మ లేదా పాఠం 2.5 సెకన్లలోపు కనపడాలి, దాన్ని ఎల్‌సీపీ అంటారు. నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, అది ఐఎన్‌పీ. 2024 మార్చిలో పాత ఎఫ్‌ఐడీ కొలత స్థానంలో ఇది వచ్చింది. పేజీ ఎగిరి గెంతడం 0.1 లోపు ఉండాలి, అది సీఎల్‌ఎస్. నాలుగింట మూడొంతుల సందర్శనల్లో ఈ హద్దుల్లో ఉంటే బాగున్నట్టు. వేగం కొలిచే గూగుల్ సాధనం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెద్దగా కనిపించే 100కు ఇంత అన్న మార్కు వెంట పడకండి. పైన వచ్చే నిజమైన వాడుకదారుల లెక్క ముఖ్యం. అది 28 రోజులది కాబట్టి మార్పు చేసిన మర్నాడే కదలదు.

ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోను అలాగే పెట్టడం అన్నిటికంటే సాధారణమైన తప్పు. 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీగా (చిన్న సైజు బొమ్మల ఫార్మాట్) మారిస్తే మామూలుగా 100 నుంచి 200 కేబీకి వస్తుంది. పేజీ మొదట్లో ఉన్న పెద్ద బొమ్మకు లేజీ లోడింగ్ (దగ్గరికి వచ్చేదాకా బొమ్మను తేకుండా ఆపడం) తీసేయండి, కింది బొమ్మలకు ఉంచండి. బొమ్మలకూ ప్రకటనల గడులకూ ఎత్తు, వెడల్పు ముందే రాసి ఉంచితే పాఠం కిందికి దూకదు.

తెలుగు ఫాంట్ల సంగతి విడిగా చెప్పాలి. గుణింతాలు, వత్తుల ఆకారాల వల్ల తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కంటే పెద్దది. శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి, మెనూకు ఒకటి అని మూడు ఫాంట్లు పెడితే ఫోన్ మోయలేదు. ఒక ఫాంటు, రెండు బరువులు (మామూలు, బొద్దు) చాలు. వాఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంటు ఫైలు) రూపంలో, ఫాంట్ డిస్‌ప్లే స్వాప్ సెట్టింగుతో పెట్టండి. అప్పుడు ఫాంటు వచ్చేలోగా ఫోన్లో ఉన్న తెలుగు అక్షరాలతో పాఠం కనపడుతుంది. మారేటప్పుడు పేజీ గెంతకుండా లైన్ల మధ్య ఎత్తును అంకెతో నిర్ణయించండి. వత్తులు కింది లైనుకు తగలకుండా 1.6 నుంచి 1.8 మధ్య ఉంచడం మంచిది.

10. స్కీమా

స్కీమా అంటే పేజీలో ఏముందో గూగుల్‌కు విడమరిచి చెప్పే కోడు. వంట పేజీకి రెసిపీ స్కీమా పెట్టండి. పేరు, బొమ్మ తప్పనిసరి. పదార్థాలు, సమయం కూడా ఇస్తే మేలు. పేజీలో కనపడని రేటింగును స్కీమాలో రాయకండి, గూగుల్ మనుషులు చూసి విధించే శిక్ష (మాన్యువల్ యాక్షన్) పడే ప్రమాదం ఉంది. ప్రశ్నలు జవాబుల స్కీమాతో ఫలితం కింద ప్రశ్నలు వేలాడే రోజులు పోయాయి. 2023 ఆగస్టులో దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. ఎలా చేయాలో మెట్లుగా చూపే హౌటూ ఫలితాలను ఆ ఏడాదే తీసేశారు. ఇప్పటికీ వాటిని అమ్మజూపే ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి.

11. చెప్పండి, ఆగండి, కొలవండి

మార్పులన్నీ అయ్యాక యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ఒక్కసారి నొక్కండి. పదిసార్లు నొక్కితే తొందరగా కాదు. సైట్‌మ్యాప్‌లో (సైటు పేజీల చిరునామాల జాబితా ఫైలు) ఆ పేజీ సవరణ తేదీ మారిందో లేదో చూడండి. ఆ తేదీ నిజమైనదైతే గూగుల్ పట్టించుకుంటుంది, అందులోని ప్రయారిటీ అంకెలను పట్టించుకోదు.

మొదటి రెండు వారాలు పొజిషన్ పైకీ కిందికీ ఊగుతుంది. అప్పుడే మళ్లీ చేయి పెట్టకండి. గూగుల్ మళ్లీ చదివిన తేదీ నుంచి 28 రోజులు, మార్పుకు ముందు 28 రోజులు తీసుకుని పోల్చండి. నాలుగు పూర్తి వారాలు కాబట్టి ఆదివారాలు, సోమవారాలు రెండువైపులా సమానంగా వస్తాయి. ఆ మధ్యలో గూగుల్ కోర్ అప్‌డేట్ (ర్యాంకుల పద్ధతిలో చేసే పెద్ద మార్పు) జరిగిందేమో సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో చూడండి. జరిగితే అది పూర్తయిన వారం తర్వాతి లెక్కే తీసుకోండి.

ఇంప్రెషన్లు పెరిగి క్లిక్కులు అలాగే ఉంటే టైటిల్ మళ్లీ చూడండి. పొజిషన్ మారకుండా క్లిక్కులు తగ్గితే ఫోన్లో వెతికి చూడండి, పైన వీడియోలు గానీ ఏఐ జవాబు గానీ వచ్చి చేరి ఉండొచ్చు. అలాంటప్పుడు ఒక్క లైను జవాబుతో తీరని ప్రశ్నల మీద, అంటే బూజు పట్టిన జాడీని ఏం చేయాలి లాంటి వాటి మీద పేజీని బలపరచండి. ముఖ్యమైన క్వెరీలు ఆరు వారాల తర్వాత కూడా కిందికే పోతుంటే షీట్‌లో దాచిన పాత టైటిల్, పాత మొదటి పేరా తిరిగి పెట్టి, మార్పులను ఒక్కొక్కటిగా మళ్లీ చేయండి.

రెండు విడతలు దిద్దినా కదలని పేజీలు కొన్ని మిగులుతాయి. దాని విషయం ఇంకో పేజీలో ఉంటే అందులో కలిపి 301 పెట్టండి. ఎవరికీ అక్కర్లేనిదైతే తీసేసి 404 (పేజీ లేదన్న సందేశం) రానివ్వండి, సైట్‌మ్యాప్‌లోంచీ లోపలి లింకుల్లోంచీ దాని చిరునామా తొలగించండి. తెలంగాణలో పుంటికూర అని వెతికేవాళ్ల కోసం రాసిన పేజీలాగా, వచ్చేవాళ్లు తక్కువైనా వచ్చినవాళ్లకు వేరెక్కడా దొరకనిది అయితే, ర్యాంకు చూడకుండా ఉంచేయండి.